బెర్లిన్ నగరంలో జాకిర్ హుసేన్: పరదేశ విద్యార్థికి ఊరితో పరిచయము

గత సంవత్సరం జూన్ మాసంలో ఒక సాయంకాలం మా అధ్యాపకుల గదికి ఒక పెద్దమనిషి వచ్చారు. పాతబజారులో దర్జీ దుకాణం నడుపుకొనే మనిషి. ఆయన కుమారుడు మన కళాశాలలోనే పట్టభద్రుడై, బెర్లిన్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పై చదువుకు సీటు సంపాదించుకొన్నాడు. సర్టిఫికెట్ల నకళ్ళ మీద సంతకాలు చేయించుకొనడానికి వచ్చిన ఆయన, పని అయిపోయిన తరువాత కూడా కుర్చీలోనుండి లేవలేదు. "మావాడు చదువులో వెనుకబడడు సార్, నాకు ఆ బెంగ లేదు. ఖర్చులకని పదకొండు వేల యూరోలకు పైగా బ్యాంకులో ముందే కట్టమన్నారు, ఇంటి కాగితాలు పెట్టి అదీ కట్టినాము. అంత పెద్ద ఊళ్ళో వాడిని పేరుపెట్టి పిలిచేవారెవరు? నా బాధ అది" అన్నారు.

ఆనాడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. నేను సముద్రం దాటినవాడను కాను, జర్మను భాష ఎరిగినవాడను అంతకన్నా కాను. మన రాష్ట్రంలోనే ఎం.ఏ. చదివి, ఇక్కడనే తెలుగు బోధిస్తున్నవాడను. ఐనప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకనగా, దానికి విరుద్ధమైన ఒక ఉదాహరణ నేను స్వయంగా ఎరుగుదును.

కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో కూర్చున్న విద్యార్థి ఒకడు జర్మనీలోని మరొక నగరంలో రెండేండ్లు చదివి, పట్టా చేతపట్టుకొని తిరిగివచ్చాడు. నన్ను చూడవచ్చినప్పుడు ఆ ఊరి విశేషాలు అడిగాను. గది, ట్రాము, తరగతి, సాయంకాలం పనిచేసే గిడ్డంగి, ఆదివారం మనవారి వంట. ఇంతకు మించి అతడేమీ చెప్పలేకపోయాడు. చివరకు తలవంచుకొని, "రెండో శీతకాలంలో తొమ్మిది రోజులు జ్వరంతో పడివున్నాను సార్. గదిలోని మనవాళ్ళు సెలవులకు వెళ్ళారు. కింది అంతస్తులో ఎవరున్నారో నాకు తెలియదు. ఆ దేశంలో వీధి గుమ్మం దగ్గర పిలుపుగంట పక్కనే ఇంటివారి పేరు రాసి ఉంటుంది. రెండేండ్లు ఆ పేరు పక్కనుండే నడిచాను, ఒక్కనాడూ చదవలేదు" అన్నాడు. పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది. అయినను ఆ మాట చెప్పుతున్నప్పుడు అతని కంఠం ఎట్లా ఉన్నదో నేను మరువలేదు.

విదేశంలో చదువుకొనే విద్యార్థికి నగరం ఎట్లా పరిచయమవుతుంది? అక్కడి మనుషులు ఎట్లా చేరువవుతారు? ఈ విషయాన్ని ఊహాగానంతో చెప్పుటకంటె, అదే బెర్లిన్‌లో నూరేండ్ల క్రితం చదువుకొన్న మనవాని కథ ఆధారంగా వివరించడం మేలని తోచింది. ఆయన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదు నగరంలో జన్మించి, 1967లో భారత రాష్ట్రపతి పదవిని అధిష్ఠించి, 1969 మే 3న ఆ పదవిలో ఉండగానే పరమపదించిన మహనీయులు. వారి రాష్ట్రపతి పదవిని గూర్చి పాఠ్యపుస్తకాలలో చదివినాము. బెర్లిన్ వీధులలో తిరిగిన ఇరువది అయిదేండ్ల యువకుని గూర్చి చదివినది తక్కువ.

హైదరాబాదులో న్యాయవాదిగా ఉన్న తండ్రి 1907లో మరణించగా, ఆ కుటుంబం స్వస్థలమైన కాయంగంజ్‌కు చేరింది. అలీగఢ్‌లో చదువుతూండగా 1920లో గాంధీజీ పిలుపునందుకొని ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను విడిచి, జామియా మిల్లియా ఇస్లామియా స్థాపనలో పాలుపంచుకొన్న విద్యార్థులలో జాకిర్ హుసేన్ ఒకరు. 1922లో అర్థశాస్త్రంలో పరిశోధనకై బెర్లిన్ వెళ్ళారు. ఆనాటి మన విద్యార్థులకు విదేశమనగా లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి. పాలకుల దేశంలో గాక మరొక దేశంలో చదవాలనే పట్టుదల ఉన్నవారికి జర్మనీ ఒక ద్వారం.

ఆ నగరం అప్పటికి రెండేండ్ల పసికందు అనవచ్చును. చుట్టుపక్కల పట్టణాలనూ పల్లెలనూ కలిపి 1920లో 'మహా బెర్లిన్'ను ఏర్పరచినారు. ఒక్కసారిగా జనసంఖ్య 38 లక్షలకు చేరింది. విశ్వవిద్యాలయం నడిబొడ్డున, 'ఉంటర్ డెన్ లిండెన్' అనే రాజవీధిలో ఉన్నది. నేడు దానిని హుంబోల్ట్ విశ్వవిద్యాలయమని పిలుస్తారు. అక్కడ పెట్టుబడిదారీ వ్యవస్థ చరిత్రను రచించి ప్రసిద్ధికెక్కిన వెర్నర్ జోంబార్ట్ వద్ద జాకిర్ హుసేన్ శిష్యులైనారు. బ్రిటిషు ఇండియా వ్యవసాయ వ్యవస్థను గూర్చి వ్యాసం సమర్పించి 1926లో డాక్టరేటు పొందారు.

ఇక్కడ జర్మను విశ్వవిద్యాలయ పద్ధతిని కొంచెం వివరించాలి, ఎందుకంటే తక్కిన కథ అంతా దానిమీదనే ఆధారపడివున్నది. మన కళాశాలలలో గంట కొట్టగానే తరగతి, హాజరుపట్టీ, నెలకొక పరీక్ష. అక్కడ ఏ ఉపన్యాసం వినాలో విద్యార్థియే నిర్ణయించుకొంటాడు. ఒక విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి మరొకదానిలో ముగించవచ్చును. రోజులో సగభాగం అతని చేతిలోనే ఉంటుంది. చదువు స్వేచ్ఛ అని వారు గర్వంగా చెప్పుకొనే ఈ సంప్రదాయం నేటి డిగ్రీ పద్ధతులలో కొంత సన్నగిల్లినా మిగిలివున్నది. ఈ ఖాళీ సమయమే విద్యార్థిని నగరంలోనికి నెట్టవచ్చును, గదిలో బంధించనూవచ్చును. మనవాళ్ళలో చాలమంది దెబ్బతినేది ఇక్కడనే. ఏమి చేయాలో చెప్పేవారు లేనప్పుడు, తలుపు మూసుకొని ఇంటికి ఫోను చేయడం అన్నిటికంటె సులభమైన పని.

జాకిర్ హుసేన్ కాలంలో మరొక విచిత్రం జరిగింది. ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీలో నోట్ల ముద్రణ అదుపు తప్పింది. యుద్ధానికి ముందు డాలరుకు నాలుగుకు కొంచెం పైగా మార్కులు. 1923 నవంబరు నాటికి ఒక డాలరు విలువ 4,20,000 కోట్ల మార్కులు! ఒక రొట్టె సుమారు 20,000 కోట్లు పలికింది. జీవితమంతా కూడబెట్టి బ్యాంకులో దాచుకొన్న మధ్యతరగతివారి సొమ్ము రొట్టెముక్కకు కొరగాకుండా పోయింది. ఉద్యోగి వితంతువులు, పింఛను మీద బ్రతికే పండితులు తమ ఇళ్ళలోని గదులను విదేశీయులకు అద్దెకిచ్చి పొట్టపోసుకొన్నారు. పౌండ్లు చేతనున్న బీద దేశపు విద్యార్థి ఆ ఇంట ధనికుడు. యజమానురాలు ఉదయం కాఫీ తెచ్చి ఇచ్చేది, జర్మను తప్పులు దిద్దేది, సంగీతం గూర్చి మాట్లాడేది. పరదేశీయుని ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గరకు చేర్చినది ఆమె దుర్దశ అని చెప్పుకొనుటకు కష్టంగానే ఉన్నది, కాని అది వాస్తవం. 1923 చివర కొత్త నాణెం వచ్చి ధరలు నిలకడ చెందడంతో విదేశీయుని ఆ సౌఖ్యం అంతరించింది. తరువాత కూడ ఎవరికి మిత్రులు మిగిలినారో, వారు డబ్బుకు రాని స్నేహం సంపాదించినవారు.

జాకిర్ హుసేన్ స్వదేశీయులకు దూరంగా మసలలేదు. అట్లా మసలవలెనని చెప్పడం నా ఉద్దేశమూ కాదు. ఆబిద్ హుసేన్, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి ముద్రణకళ నేర్వవచ్చిన ముహమ్మద్ ముజీబ్ ఆయనకు అక్కడ ప్రాణస్నేహితులైనారు. సరోజినీ నాయుడు గారి సోదరుడు, మన హైదరాబాదులోనే పుట్టిన విప్లవకారుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ కూడ ఆనాడు బెర్లిన్‌లోనే ఉండేవారు. ముజీబ్ గారు 1972లో ప్రకటించిన జాకిర్ హుసేన్ జీవితచరిత్ర ఆ రోజులను తెలిసికొనడానికి గొప్ప ఆధారం. జామియాలో పనిచేస్తానని ముజీబ్ ముందుకు వచ్చినప్పుడు, సంపన్న కుటుంబంనుండి వచ్చిన ఆ యువకుని జాకిర్ హుసేన్ మొదట వారించారట. ముజీబ్ వినలేదు. ముగ్గురూ 1926లో కలిసి తిరిగివచ్చి, జీతం సరిగా అందని ఆ విద్యాలయానికి జీవితాలను అర్పించారు.

ఇక స్థానికులతో పరిచయం సంగతి. జాకిర్ హుసేన్‌కు అది ఎక్కువగా పని ద్వారా కలిగిందని నాకు తోస్తుంది. 'చూడవచ్చిన' వానికి ఊరు బొమ్మలాగా కనిపిస్తుంది. అక్కడివారితో కలిసి ఏదైనా ఒక పని మొదలుపెట్టినవానికి మాత్రమే మనుషులు తారసపడతారు. ఆల్‌ఫ్రెడ్ ఎహ్రెన్‌ట్రైష్ అనే జర్మను మిత్రునితో కలిసి ఆయన 1924లో మహాత్మాగాంధీ సందేశాన్ని గూర్చి జర్మను భాషలో ఒక పుస్తకం వెలువరించారు. దేశానికి వెళ్ళి రెండేండ్లు! మన వ్యాకరణం పక్కాగా కుదిరిన తరువాతనే నోరు విప్పుదామనుకొనే విద్యార్థులు ఈ సంగతిని గమనింపవలెను.

అచ్చుకూటపు ముచ్చట ఇంకా రమ్యమైనది. ఆ రోజులలో బెర్లిన్‌లో ఇరానీయులు నడిపిన 'కావియానీ' అనే ముద్రణాలయం ఉండేది. పారసీ, అరబ్బీ అక్షరాలు పోతపోయించి చక్కని పుస్తకాలు అచ్చువేసేవారు. మన దేశంలో అప్పటికి ఉర్దూ పుస్తకమంటే కాతిబు చేతివ్రాతను రాతిమీదికి ఎక్కించి తీసే శిలాముద్రణయే. ఈ సంచికను కుడివైపునుండి తెరిచే మిత్రులకు కాతిబుల సంగతి నేను చెప్పనక్కరలేదు. కంప్యూటరు రాకముందు మన కళాశాల సంచికలోని ఉర్దూ భాగాన్ని కూడ కాతిబే రాసేవాడని పెద్దలు చెప్పుతారు. మీర్జా గాలిబ్ దీవానును కావియానీలో చిన్న పరిమాణంలో, అందంగా అచ్చువేయించాలని జాకిర్ హుసేన్ సంకల్పించారు. డబ్బు తక్కువ, ఉర్దూ తెలిసిన కంపోజిటర్లు లేరు. కావున స్వయంగా సీసపు అక్షరాల గూళ్ళ ముందు నిలబడి కొన్ని పుటలు తామే కూర్చినారు. కంపోజింగు చూసినవారెరుగుదురు: అక్షరం అద్దంలో ప్రతిబింబంలాగా తలకిందులుగా ఉంటుంది, వరుస నిండడానికి నడుమ ఖాళీ తుండ్లు దూర్చాలి, ఒక్క చుక్క జారితే మాట మారిపోతుంది. ఉర్దూలో చుక్క విలువ ఎంతో చెప్పాలా! 1925లో వెలువడిన ఆ దీవాను నేటికీ పుస్తకప్రియులు కళ్ళకద్దుకొనే ప్రతి. డాక్టరేటు వ్యాసం రాస్తున్న విద్యార్థి చేతికి సిరా పూసుకొని పనివారి పక్కన నిలబడ్డాడంటే, ఆ ముద్రణాలయపు గడపలో అతడు అతిథిగా మిగిలివుంటాడా?

మరొక చిన్న విషయం ప్రసంగవశాన చెప్పుతాను. బెర్లిన్ గ్రంథాలయంలో అరబ్బీ, పారసీ వ్రాతప్రతుల గొప్ప నిధి ఉన్నది. అందులో ఒక ముఖ్యభాగం అలోయిస్ స్ప్రెంగర్ సేకరించినది. ఆయన 1845 నుండి ఢిల్లీ కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసిన పండితుడు. ఆ ప్రతులను 1857లో ప్రష్యా ప్రభుత్వం కొన్నది. మన ఢిల్లీ వాసన గల పుస్తకాలు చూడడానికి మనవాడు బెర్లిన్ వెళ్ళవలసివచ్చింది! పరాయి నగరంలో మన ఊరు ఎక్కడో ఒకచోట దాగివుంటుంది. దానిని వెదకబోతే దారిలో అక్కడి మనుషులు ఎదురవుతారు.

బెర్లిన్‌లో ఈ ముగ్గురికి పరిచయమైన వారిలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ పేరు మరువరానిది. 1895లో జన్మించిన యూదు వనిత, సంగీతమూ శిశువిద్యా ఎరిగినది. నగరంలోని కచేరీలను, నాటకశాలలను, పండితగోష్ఠులను వారికి పరిచయం చేసింది ఆమె. 1930ల ఆరంభంలో, జర్మనీలో యూదుల మీద చీకటి కమ్ముకొంటున్న రోజులలో ఆమె ఢిల్లీకి వచ్చి జామియాలో చేరింది. పసిపిల్లల తరగతిని సాకింది. పిల్లలూ పెద్దలూ ఆమెను 'ఆపాజాన్' అని పిలిచేవారు. రెండవ ప్రపంచయుద్ధం రాగానే, జర్మనీ పౌరురాలన్న కారణంతో బ్రిటిషు ప్రభుత్వం ఆమెను నిర్బంధశిబిరంలో ఉంచింది. హిట్లరుకు యూదురాలుగా శత్రువు, ఆంగ్లేయులకు జర్మనుగా శత్రువు! ఆరోగ్యం చెడి విడుదలైన ఆమె 1943 ఏప్రిల్‌లో కన్నుమూసింది. ఢిల్లీ ఓఖ్లాలో జామియా వారి శ్మశానవాటికలోనే ఆమెను ఖననం చేశారు. నేటికీ అక్కడ ఒక బాలికల వసతిగృహం ఆమె పేరుతో ఉన్నది. విద్యార్థి దశలో, విదేశంలో కలిగిన ఒక పరిచయం ఎంతదూరం నడిచివచ్చిందో చూడండి. ఆమెకు బెర్లిన్ నిలువనీడ లేకుండా చేసినప్పుడు, ఒకప్పుడు తాను బెర్లిన్ చూపించిన యువకుల ఊరే ఆమెకు ఇల్లయింది.

నేటి సంగతికి వస్తాను. 2023-24 శీతకాల సత్రంలో జర్మనీలో చదివే భారతీయ విద్యార్థుల సంఖ్య 49 వేలు దాటింది. విదేశీ విద్యార్థులలో అందరికంటె ఎక్కువమంది మనవారే. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావరకు బోధనా రుసుము లేకపోవడం దీనికి ఒక ప్రధాన కారణం. సంఖ్య పెరగడం ఒక విధంగా ధైర్యం, మరొక విధంగా ప్రమాదం. జాకిర్ హుసేన్ కాలంలో జర్మను రాకుంటే రొట్టె దొరకదు. నేడు మన భాషలోనే ఇల్లు వెదకి, మన భాషలోనే వంట చేసుకొని, ఇంగ్లీషులో చదివి, రెండేండ్లు గడిపివేయవచ్చును. నేను పైన చెప్పిన విద్యార్థికి జరిగినది అదే.

భాష విషయంలో మనకొక సౌలభ్యం ఉన్నది, దానిని ఎవరూ చెప్పరు. ఇంగ్లీషులో అందరికీ ఒకే 'యు'. జర్మనులో 'జీ', 'డు' అని రెండు. మనకు మీరు, నువ్వు. ఉర్దూలో ఆప్, తుమ్. పెద్దవారిని, కొత్తవారిని 'జీ' అనాలి. పెద్దలు తామే చొరవ తీసుకొని 'డు' అనమన్ననాడు స్నేహం ఒక మెట్టు ఎక్కినట్లు. విద్యార్థులు తమలో తాము మొదటినుండీ 'డు' అనుకొంటారు. ఈ మర్యాదను ఇంగ్లీషువాడు నేర్చుకోవాలి, మన పిల్లలు ఉగ్గుపాలతోనే నేర్చారు. ఇక వారి లెక్కలు తమాషాగా ఉంటాయి: ఇరువది ఒకటిని 'ఒకటిన్నూ ఇరవైన్నూ' అంటారు. ఉర్దూలో 'ఇక్కీస్' అనేవానికి ఇది వింతగా తోచదు.

ప్రతి పట్టణంలోనూ 'ఫోల్క్స్‌హోక్‌షూల', అనగా ప్రజాపాఠశాల అనే సంస్థ ఉంటుంది. బెర్లిన్‌లోని పన్నెండు మండలాలకూ ఒక్కొక్కటి కలదు. తక్కువ రుసుముతో భాష, వంట, కుట్టుపని, చిత్రలేఖనం నేర్పుతారు. పక్కబల్ల మీద పదవీవిరమణ చేసిన గుమాస్తా ఉండవచ్చును, సిరియానుండి వచ్చిన గృహిణి ఉండవచ్చును. ఫుట్‌బాలు మొదలు పాటకచేరీ వరకు ప్రతిదానికి 'ఫెరైన్' అనే సంఘం ఉంటుంది. జర్మనులు దారిలో కొత్తవారితో మాటలు పెట్టుకోరని, ముభావులని మనవారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. అయితే వారు మాట్లాడే చోటు రైలుపెట్టె కాదు, సంఘపు గది. వారం వారం అదే వేళకు అదే బల్ల దగ్గరకు వచ్చేవానిని మూడవ వారం పేరుతో పలకరిస్తారు. అక్కడ సమయానికి రావడమే సగం స్నేహం. రాత్రి పది దాటిన తరువాత, ఆదివారమంతా చప్పుడు చేయరాదనే నియమాన్ని పాటించకుంటే కింది ఇంటివారితో పరిచయం ఫిర్యాదుతోనే మొదలవుతుంది. దుకాణాలు ఆదివారం మూసివుంటాయి గనుక శనివారమే సరకులు తెచ్చుకొనడం మంచిది.

మన ఇళ్ళలో తల్లులు అడిగే ప్రశ్న ఒకటున్నది: తిండి, నమాజు ఎట్లా? 1961లో తుర్కీతో జర్మనీ కుదుర్చుకొన్న ఒప్పందం మేరకు వేలాది కార్మికులు వచ్చి స్థిరపడినారు. క్రాయిట్స్‌బెర్గ్, నాయ్‌కోల్న్ పేటలలో హలాల్ మాంసానికి కొదువ లేదు. నాయ్‌కోల్న్‌లో 1866 నాటి తుర్కీ శ్మశానవాటిక, దాని ఆవరణలోనే మసీదు ఉన్నవి. జూన్‌లో పగలు పదిహేడు గంటలకు దగ్గరగా సాగుతుంది, డిసెంబరులో ఎనిమిది గంటలకు లోపే. కావున ఉపవాసపు కష్టం ఏ ఋతువులో రంజాన్ వచ్చిందనే దానిమీద ఆధారపడుతుంది. ఇక్కడ ఒక సందేహం రాకమానదు. కూరగాయల కొట్టులో మనవానితో జర్మనులో బేరమాడే తుర్కీ మనుమడు స్థానికుడా, పరదేశియా? అతడు పుట్టింది ఆ వీధిలోనే. తన పేటను 'కీట్స్' అని ముద్దుగా పిలుచుకొంటాడు, మనం మొహల్లా అన్నట్లు. బెర్లిన్‌లో స్థానికుని వెదికేవాడు తెల్లని ముఖాన్నే వెదికితే సగం నగరాన్ని పోగొట్టుకొంటాడు.

ఆ దర్జీ పెద్దమనిషికి ఈ వివరాలన్నీ ఒకనాడు తీరికగా చెప్పాను. కుమారుడు సెప్టెంబరులో బయలుదేరేముందు వచ్చి కలిశాడు. తపాలాపెట్టె మీద పేరు లేకపోతే అక్కడ ఉత్తరం చేరదని, దిగిన వెంటనే పేరు అంటించాలని, కొత్త చిరునామాను రెండు వారాలలోపల నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవాలని చెప్పి పంపాను.

మొన్న సంక్రాంతి సెలవులకు ముందు ఆయన మళ్ళీ వచ్చారు. ఫోనులో కుమారుడు పంపిన ఛాయాచిత్రం చూపించారు. వీధి గుమ్మం దగ్గరి పిలుపుగంటల పలక. పైనుండి మూడవ వరుసలో 'షేక్' అని చిన్న కాగితం ముక్క. ఆయన దానిని వేలితో పెద్దది చేసి చాలసేపు చూసుకొన్నారు. తరువాత దానికింది వరుసలోని పేరును చూపి, "ఇది ఎవరిది సార్, ఎట్లా చదవాలి?" అని అడిగారు. అది పొడుగాటి జర్మను పేరు. నాకు నోరు తిరగలేదు. మీవాడిని అడగండి, అతనికి తెలిసే ఉంటుందన్నాను. ఆయన అక్కడనే, నా బల్ల ముందరే, కుమారునికి ఫోను కలిపారు.